శివమ్మ చేతి తువ్వాల

శ్రీవాణి మేడమ్ చెప్పే పాఠాల్లో పిల్లలు ఎగబడి వినేది మురికి పాఠం. నంద్యాల బస్టాండుకు దగ్గర్లో కింద మందుల షాపు, పైన స్పోకెన్ ఇంగ్లీషు కోచింగు. నర్సింగు చదివే ఆడపిల్లలు, డిగ్రీ చేతికొచ్చి ఖాళీగా తిరిగే మగపిల్లలు మిగతా రోజుల్లో డుమ్మా కొట్టినా, ఆ రోజు మాత్రం బెంచీలు నిండిపోతాయి. మురికి గురించి మాట్లాడుకోవడమంటే మనుషులకు అంత సరదా మరి, ఏం చేస్తాం!

ఆమె బోర్డు మీద మాటలు వరసగా రాసేది. డస్టీ, మడ్డీ, గ్రీజీ, స్టెయిన్డ్, గ్రబ్బీ, ఫిల్తీ, గ్రైమీ. "అన్నిటికీ డర్టీ డర్టీ అని ఒకటే పాట పాడకండి. దుమ్ము పడితే డస్టీ, దులిపితే పోతుంది. బురదైతే మడ్డీ, కడిగితే పోతుంది. ఆడుకొని వచ్చిన పిల్లోడి చేతులు గ్రబ్బీ, వాణ్ణి తిట్టబుద్ధి కాదు. ముక్కు మూసుకోవాల్సి వస్తే ఫిల్తీ. గ్రైమీ అట్లా కాదు. పొగ, నూనె, చెమట ఏళ్ళ తరబడి పట్టి పట్టి లోపలికి ఇంకిపోయిన మురికి. ఒక్క తుడుపుకు పోదు."

"మేడమ్, మా హాస్టల్ బాత్రూముకు ఏది రాయాల?" అని వెనక బెంచీ ప్రదీప్ లేచేవాడు.

"దానికి బోర్డు మీదివి చాలవు నాయనా, కొత్తవి కనిపెట్టాలి," అనేది. క్లాసంతా గొల్లున నవ్వేది.

ఆ మాటల మీద ఆమెకు గర్వం ఉండేది. ఎందుకుండకూడదు? ఆళ్ళగడ్డలో శిల్పాల షెడ్డులో, రాతిపొడిలో పెరిగిన పిల్ల. జడ నిండా తెల్లటి దుమ్ముతో కాలేజీకొస్తే, "ఏం మే, పిండిమరలో పడుకున్నావా?" అని నంద్యాల పిల్లలు ఏడిపించారు. పళ్ళు బిగబట్టి ఇంగ్లీషు నేర్చుకుంది. నేర్చుకున్నాకే జనం ఆమెను మేడమ్ అనడం మొదలుపెట్టారు. ఇప్పటికీ రోజూ ఆళ్ళగడ్డ నుంచి బస్సెక్కే ముందు మెడ వెనక, చెవుల వెనక రుమాలుతో తుడుచుకుంటుంది. దుమ్ము ఉన్నా లేకపోయినా సరే.

అంత బాగా తెలిసిన మాటల్లోంచి ఒక్క మాట, ఆ గ్రైమీ అన్న మాటే, చివరికి ఆమె కొంప ముంచింది.

ఆమె తండ్రి కొండయ్య పాతకాలం శిల్పి. రోడ్డు పక్కన రేకుల షెడ్డు, ముందర సగం చెక్కిన హనుమంతుడు, కళ్ళు తెరవని అమ్మవార్లు. నున్నగా తేల్చడంలో ఆయనకు పేరు. "బొమ్మ చెంప మీద చీమ పాకితే కాలు జారాల," అనేవాడు. కానీ ఈ మధ్య యంత్రాలు పెట్టిన షెడ్లు పనులన్నీ లాగేసుకుంటున్నాయి. ఆయన షెడ్డులో సుత్తి చప్పుడు కంటే కాకుల గోల ఎక్కువైంది.

అలాంటప్పుడు బెంగళూరు నుంచి వినీత అనే డిజైనరు ఫోన్ చేసింది. ఏదో రిసార్టు కడుతున్నారట. నడవా పొడుగునా దీపం పట్టుకున్న రాతి ఆడబొమ్మలు కావాలట. కొత్తగా చెక్కాలి, కానీ ఏ పాత ఇంట్లోంచో తెచ్చినట్టు ఉండాలి. ఈ పని కుదిరితే షెడ్డు ఏడాదంతా గలగలలాడుతుంది. మాట్లాడే బాధ్యత శ్రీవాణిది, బొమ్మల బాధ్యత కొండయ్యది.

చెక్కడం ఆయనకు ఒక లెక్కా! మురికి పట్టించడమే చేతకాలేదు. ఒక చిన్న బొమ్మ చెక్కి టీ డికాక్షన్ పోసి ఆరబెట్టాడు. ఫోటో చూసి స్టెయిన్డ్‌గా ఉంది అంది వినీత. పేడనీళ్ళు పూసి మట్టిలో పూడ్చి తీశాడు. మడ్డీ అంది. పొయ్యి మసి రుద్దాడు. సూటీ అంది. ఆఖరికి తిక్క పుట్టి మసి, మట్టి, మడ్డి నూనె అన్నీ కలిపి మెత్తి పెట్టాడు. ఫిల్తీ అంది.

"మురికికి గూడా ర్యాంకులిస్తాండారేంది పాపా?" అన్నాడు కొండయ్య, చేతులు కడుక్కుంటూ. "నలభై ఏండ్లు రాయిని నున్నగా తేల్చేది నేర్చుకుంటి. ఇప్పుడు కంపు చేసేది నేర్చుకోవాలంటే ఎట్ల?"

శ్రీవాణికి నవ్వొచ్చింది. "ఆమెకు డర్టీ వద్దంట నాయనా. గ్రైమీ కావాలంట. పైన పూస్తే రాదు. ఏండ్లు ఏండ్లు చెయ్యి తగిలి, నూనె తగిలి, పొగ తగిలి లోపలికి దిగిండాల."

"అట్లాంటిది మనింట్లోనే ఉండాది గదా," అనేసి కొండయ్య నాలుక కరుచుకున్నాడు. కానీ అప్పటికే శ్రీవాణి ఇంట్లోకి నడిచింది.

వంటింటి వెనక వాకిలి పక్కన ఉంటుంది ఆ బొమ్మ. మోకాలి ఎత్తు ఆడమనిషి, రెండు చేతుల్లో దీపం ప్రమిద. పెళ్ళయిన కొత్తలో కొండయ్య ఎవరికో చెక్కాడు. అంతా అయ్యాక, ఆఖరి రోజు ముక్కు కొన ఎగిరిపోయింది. లోపమున్న బొమ్మను ఎవరూ కొనరు, గుడిలో పెట్టరు. పగలగొట్టి పునాదిలో వేస్తానని సమ్మెట ఎత్తితే కొత్త పెళ్ళాం అడ్డమొచ్చింది. "ముక్కు పోతే ఏమాయ? చేతులు బాగుండాయి గదా. దీపం మోయనీ," అంది శివమ్మ. మొగుణ్ణి ఆమె కాదనడం అదే మొదలట. కొండయ్య ఈ సంగతి చెప్పినప్పుడల్లా మీసంలో నవ్వుకునేవాడు.

ఆ రోజు నుంచి రోజూ మునిమాపున ప్రమిదలో నూనె పోసేది శివమ్మ. నూనె చేతిని చీరకు తుడిస్తే మరకవుతుందని బొమ్మ భుజానికి తుడిచేది. పొద్దున పోపు పెట్టిన చేయి, ఊరగాయ కలిపిన చేయి, పసుపు దంచిన చేయి కూడా ఆ భుజానికే. తుడిచి తుడిచి అక్కడ రాయి నల్లగా, జిడ్డుగా, మెత్తగా అయిపోయింది. దగ్గరికి పోయి చూస్తే నాలుగు వేళ్ళు, వెనకాల బొటనవేలు ఆనిన చోటు తెలిసేది. మిగతా ఒళ్ళంతా పొగచూరి ఉండేది.

చిన్నప్పుడు శ్రీవాణికి ఆ బొమ్మంటే ఒళ్ళు మండేది. స్నేహితులొస్తే "ఛీ, ఏందే ఈ జిడ్డు బొమ్మ!" అనేవాళ్ళు. ఒకసారి సబ్బూ, కొబ్బరి పీచూ తీసుకొని తోమడానికి కూర్చుంది. శివమ్మ వచ్చి పీచు లాక్కొని నవ్వింది. "ఉండనీలే మే. అది నా చేతి తువ్వాల."

శివమ్మ పోయి రెండేళ్ళు. జ్వరమని నంద్యాల ఆస్పత్రికి పోయిన మనిషి తిరిగి రాలేదు. ఫోటోలు దిగడమంటే ఆమెకు చిరాకు. హాల్లో దండ వేసి పెట్టిన ఫోటో ఆధార్ కార్డు మీదిదే, పెద్దది చేయించారు. అందులో ఆమె ఎవరో పరాయి మనిషిలా, బెదిరిపోయి చూస్తుంటుంది. అందుకే కొండయ్య ఆ ఫోటో వైపు చూడడు. సాయంత్రం తనే ప్రమిదలో నూనె పోస్తాడు. పోశాక నూనె చేతిని తన భుజం మీది తువ్వాలకు తుడుచుకుంటాడు. బొమ్మ భుజం మీద మాత్రం చెయ్యి పెట్టడు. ఆమె చెయ్యి పడిన చోట తన చెయ్యి పడకూడదని ఆయన చాదస్తం.

శ్రీవాణి ఫోటో తీసి పంపితే వినీత ఫోన్లో ఎగిరి గంతేసింది. "అదే! ఎగ్జాక్ట్‌గా అదే గ్రైమీ! కానీ ఫోటోతో మా టీమ్‌కు రంగు అందదు. బొమ్మ పంపండి. దాన్ని చూసి ఫినిష్ ఫిక్స్ చేసుకొని తిరిగి పంపించేస్తాం."

"పంపేది లే," అన్నాడు కొండయ్య.

రెండు రోజులు తండ్రీకూతుళ్ళ మధ్య మాటల్లేవు. షెడ్డు ఖాళీగా ఉంది. శ్రీవాణి అన్నం వడ్డిస్తూ, "తిరిగొస్తాది నాయనా. యాడికి పోతాది? పోయినట్టే వస్తాది," అంది. కొండయ్య కంచంలో అన్నం కెలుకుతూ కూర్చున్నాడు. చివరికి, "సరే, పంపు. ఒగటే మాట. ఇంగ్లీషులో బాగా పెద్ద అక్షరాలతో రాయి. దీన్ని కడగొద్దండి, తుడవొద్దండి, ఇది మా ఇంటామె చెయ్యి, అని. రాస్తావా?"

"రాస్తాలే నాయనా."

"మర్చిపోవద్దు."

"రాస్తానంటి గదా!"

గడ్డి పరిచి, గోనెసంచులు చుట్టి, చెక్కపెట్టెలో పెట్టి కొండయ్యే మేకులు కొట్టాడు. పెట్టెను ఆటోలో వేసుకొని శ్రీవాణి నంద్యాల పార్సిల్ ఆఫీసుకు పోయింది. అక్కడి మనిషి ఒక అట్టముక్క ఇచ్చి, లోపలేముందో రాసి కట్టమన్నాడు.

మార్కరు పెన్ను మూత తీసింది. నాన్న చెప్పిన మాట ఇంగ్లీషులో మనసులో కూర్చుకుంది. మా అమ్మ చేతులు తుడుచుకునేది, దయచేసి కడగవద్దు. ఇంగ్లీషులోకి వచ్చేసరికి ఆ మాట ఎలాగో ఉంది. వినీత చల్లటి ఆఫీసులో కూర్చొని ఇది చదివి పక్కనున్న వాళ్ళకు చూపించి నవ్వుతున్నట్టు కళ్ళకు కట్టింది. చేతులు తుడుచుకోవడానికి వీళ్ళకు గుడ్డ కూడా లేదా అనుకోరూ? ఇన్నాళ్ళూ ఫోన్లో ఠీవిగా మాట్లాడిన శ్రీవాణి గారు కాస్తా పిండిమరలో పడుకున్న పిల్ల అయిపోదూ? అయినా వాళ్ళకు కావాల్సిందే ఆ మురికి. మురికి కోసం తెప్పించుకున్నవాళ్ళు మురికినెందుకు కడుగుతారు? ఇలా తనకు తానే సర్దిచెప్పుకొని, అట్ట మీద అందంగా రెండే ముక్కలు రాసింది. శాంపిల్, గ్రైమీ ఫినిష్. కట్టేసి క్లాసుకు పోయింది.

సాయంత్రం ఇంటికి రాగానే కొండయ్య అడిగాడు. "రాసినావా?"

"ఊఁ," అంది, చెప్పులు విడుస్తూ.

బొమ్మ లేని రోజుల్లో కొండయ్య ప్రమిద ఒకటి తెచ్చి అదే చోట నేల మీద పెట్టి వెలిగించేవాడు. ఎప్పుడొస్తుందని ఒక్కసారి కూడా అడగలేదు. అడగకపోవడమే శ్రీవాణికి ముల్లులా ఉండేది. రాసి ఉంటే పోయేది కదా, ఒక్క ముక్క, అని బస్సులో అనుకునేది. అనుకొని, ఏం కాదులే అనుకునేది.

దసరా సెలవులు అయిపోయాక, క్లాసు మధ్యలో వినీత ఫోనొచ్చింది. శ్రీవాణి వరండాలోకి వచ్చి ఎత్తింది.

"శ్రీవాణి గారూ, గుడ్ న్యూస్! ఫినిష్ మ్యాచ్ అయిపోయింది. ఆర్డరు మీకే. మీ శాంపిల్ పంపేశాం, ఈ పొద్దు మీ ఇంటికే డెలివరీ అయినట్టు మెసేజొచ్చింది. అన్నట్టు, మా గోడౌన్ వాళ్ళు దాన్ని డీప్ క్లీన్ చేసి పంపారండీ. మీరే గ్రైమీ అని రాశారు కదా, పాపం అలాగే తిరిగి పంపడమెందుకని. కొత్తదానిలా మెరిసిపోతోంది, చూడండి!"

"థ్యాంక్యూ," అంది శ్రీవాణి. అలవాటు కొద్దీ నోట్లోంచి ఊడిపడింది. ఫోన్ పెట్టేసి క్లాసులోకి వచ్చింది. లోపల బోర్డు మీద ఏవో మాటలు సగం రాసి ఉన్నాయి. పిల్లలను పంపించేసి బస్టాండుకు పరుగెత్తింది.

బస్సు శిరివెళ్ళ దాటేదాకా ఆమె సీటు అంచునే కూర్చుంది. నాన్న ఇంకా పెట్టె తెరవకపోతే బాగుండు అనుకుంది. తెరవకపోతే మాత్రం ఏం చేస్తుంది? తుడిచేసిన దాన్ని ఎక్కణ్ణుంచి తెస్తుంది? కిటికీలోంచి శనగ చేల గాలి మొహానికి కొడుతుంటే ఏడుపాగలేదు. పక్క సీటు ముసలామె, "ఎవరన్నా పోయినారా తల్లీ?" అని అడిగింది. శ్రీవాణి తల అడ్డంగా ఊపింది. తర్వాత నిలువుగా ఊపింది.

ఇంటికొచ్చేసరికి చెక్కపెట్టె ముంగిట్లో విప్పి ఉంది. గడ్డి గాలికి చెదిరిపోతోంది. కొండయ్య వెనక వాకిలి దగ్గర గొంతుకూర్చొని ఉన్నాడు. ఎదురుగా బొమ్మ. దాని మీద ఎంత వెతికినా ఒక్క చుక్క మసి లేదు. రాయి నీలంగా, తడి ఆరనట్టు మెరుస్తోంది. విరిగిన ముక్కు ఇప్పుడు దూరం నుంచే కనబడుతోంది.

"చూడు పాపా," అన్నాడు కొండయ్య, తల తిప్పకుండా. "నేను చెక్కిన దినం ఇట్లే ఉన్నింది. చీమ గూడా నిలబడదు."

శ్రీవాణి రెండడుగులు దగ్గరికి వేసింది.

"యాసిడ్ కొట్టినారు. బ్రష్షుతో తోమినారు. భుజం మీద గూడా." అరచేతిని భుజానికి దగ్గరగా తెచ్చి, తాకకుండానే వెనక్కి తీసుకున్నాడు. అక్కడ ఇప్పుడు కాపాడుకోవడానికి ఏమీ లేదు. అయినా తాకలేదు.

"నాయనా..."

"ఏడ్చొద్దు. నీ తప్పేముండాది? నువ్వు రాస్తివి. వాళ్ళు చదవలా. చదువుకున్నోళ్ళే చదవకపోతే మనమేం చేస్తాం?" అని లేచాడు. ముఖం అప్పుడు చూసింది. అంత కోపం ఆ మనిషిలో ఉందని శ్రీవాణికి తెలియదు. "ఫోన్ చెయ్ ఆ యమ్మకు. నీకు మురికికి అన్ని మాటలొచ్చు గదా? ఒగటి గూడా ఇడవకుండా అన్నీ అను. ఇంగ్లీషులోనే తిట్టు. నాకు అర్థం కాకపోయినా కూచోని ఇంటా."

ఫోన్ చేతిలోకి తీసుకుంది, కానీ నంబరు నొక్కలేదు. మాటలు రాక కాదు. అన్నీ వరసగా వచ్చి నిలబడ్డాయి, బోర్డు మీద నిలబడినట్టే. డర్టీ. గ్రబ్బీ. ఫిల్తీ. వాటిలో ఏ ఒక్కటీ వినీతకు అంటదు. ఆమె అట్ట మీద రాసింది చదివింది, చదివినట్టే చేయించింది.

అమ్మ చేతిని పట్టుకొని మురికని రాసింది ఎవరు? తనే కదా! నాన్న ఆ తప్పును ఇంకెవరి మీదో వేసి తనను కడిగేస్తుంటే శ్రీవాణి తట్టుకోలేకపోయింది.

"రాయలా నాయనా," అంది.

"ఏందీ?"

"కడగొద్దని నువ్వు చెప్పింది నేను రాయలా. మురికి బొమ్మ అని మాత్రం రాసి పంపినా."

కొండయ్య ఆమె ముఖంలోకి చూశాడు. "మర్చిపోయినావా?" అన్నాడు మెల్లగా. అడగడం కాదు అది, దారి చూపించడం. అవునంటే అంతటితో పోయేది. మతిమరుపును ఎవరైనా క్షమిస్తారు.

శ్రీవాణి తల అడ్డంగా ఊపింది. "సిగ్గేసింది."

"దేనికి?" అన్నాడు కొండయ్య. ఆమె చూపు బొమ్మ భుజం మీదికి పోయింది. ఆయనకే అర్థమైంది. "మీయమ్మంటేనా?"

కాదు నాయనా అని అరవాలనుకుంది. కానీ అక్కడే మెట్టు మీద కూలబడి రెండు చేతుల్లో ముఖం పెట్టుకొని ఏడ్చింది. కొండయ్య దగ్గరికి రాలేదు, కసురుకోలేదు. షెడ్డులోకి పోయి, ఏ పనీ లేని ఉలిని తీసి సానబెడుతూ కూర్చున్నాడు.

మునిమాపు వేళయింది. ఆయన వచ్చి బొమ్మను ఎప్పుడూ ఉండే చోట పెట్టాడు. వత్తి వేశాడు. శ్రీవాణి లేచి, కళ్ళు తుడుచుకొని, నూనె గిన్నె తనే తీసుకుంది. ఆయన పక్కకు జరిగాడు. ప్రమిద నింపింది. నూనె వేళ్ళ మీదుగా కారింది. అమ్మ చేసినట్టే చేయి చాపి, బొమ్మ భుజానికి తుడిచింది. అమ్మవి పొట్టి వేళ్ళు, అవి ఎక్కడ ఆనేవో శ్రీవాణికి చూపులో గుర్తుంది. తన వేళ్ళు అక్కడ ఆనలేదు. నున్నటి రాయి మీద నూనె నిలవకుండా జారి, గీతలు గీతలుగా కిందికి కారిపోయింది. ఇంకోసారి తుడిచింది. మళ్ళీ జారిపోయింది.

కొండయ్య తన భుజం మీది తువ్వాల తీశాడు. ముందు బొమ్మ మీద కారిన నూనెను ఒత్తి తుడిచాడు. తర్వాత ఆ తువ్వాల కూతురి చేతికిచ్చాడు.

"అది మీయమ్మ తువ్వాల. నువ్వు దీనికి తుడుచుకో పాపా," అన్నాడు.